కంచి బల్లిని ముట్టుకున్న చెయ్యి

"వస్తా తిరుమలమ్మా, వస్తా. నేనేమన్నా రానంటినా? కూసో రోంతసేపు. మునిరత్నమ్మా, ఆయమ్మకు ఒక గలాసు బెల్లం కాఫీ పొయ్యి, ఎండన పడి వచ్చింది."

అట్లా మొదలుపెట్టినాడు చిన్నబ్బ. ఏర్పేడు స్టేషను బయట మునిరత్నమ్మ అంగడి. స్వరాజ్యం వచ్చిన మరుసటేడు ఎండాకాలం. నేనూ ఓబయ్యా గూడ్సు బండికి శెనక్కాయ మూటలెత్తి, వీపులు విరిగి వచ్చి బల్ల మీద కూలబడినాం. తిరుమలమ్మ ఊళ్ళోనించి పరుగు లాంటి నడకతో వచ్చింది. ఆయమ్మ కోడలు ఆనందమ్మకు నెలలు నిండినాయి. తొలిచూలు బిడ్డ పురిట్లోనే దక్కకుండా పోయింది, ఇది రెండోది. ఆ పొద్దున ఇల్లు ఊడుస్తా ఉంటే ఆ పిల్లకు సరిగ్గా నడినెత్తిన బల్లి పడింది. తలకు పోసినారు, దేవుడికాడ దీపం పెట్టినారు. అయినా ఆ పిల్ల మూలన కూర్చొని ఒకటే ఏడుపు, ఈ బిడ్డ గూడా దక్కదని. పైటాల అయినా మెతుకు ముట్టలేదు.

మా పక్క దీనికి ఒకటే విరుగుడు. కంచి గుళ్ళో పైకప్పున బంగారు బల్లి ఉండాది. దాన్ని తాకి వచ్చినోళ్ళ చెయ్యి తగిలితే చాలు, బల్లి పడిన దోషం తీరిపోతాది. ఊరంతటికీ అట్లాంటి చెయ్యి చిన్నబ్బదొకటే. మామిడంట్లు కట్టే మనిషి ఆయన. యుద్ధం రోజుల్లో మద్రాసుకు పోయి, ఆడినించి బస్సులో కంచి చూసి సందకాడికి మద్రాసులో దిగిన మొనగాడు. ఇంటికొచ్చినోళ్ళకు సరే, ఎవరు పిలిచినా పోయేవాడు. బర్రె మీద బల్లి పడిందన్నా పోయి, బర్రెను నిమిరి, దానికీ కంచి కత చెప్పి వచ్చేవాడు. ఆ పొద్దు మాత్రం లేవలేదు. బల్ల మీద ఇంకొంచెం వెనక్కి జరిగి కూర్చొని గొంతు సవరించుకున్నాడు.

"ఈ సెయ్యి విలువ ఏందో తెలిసి పిలుసుకొని పోవల్ల గదా తిరుమలమ్మా. నేనేం గొప్పలు సెప్పుకునే మనిషిని కాదు. కంచికి పోయినా, వచ్చినా, అంతే. మా బామ్మర్ది రాజారత్నం మద్రాసులో ట్రాము తోలతా ఉండె. వాడనినాడు, బావా, ఈడ ఒక బస్సు ఉండాది, పొద్దున్నే ఎక్కించుకొని పోయి కంచి అంతా సూపించి సందకాడికి తెచ్చి ఎక్కిన తావునే దింపుతాది, ఒక గైడు గూడా వస్తాడు, ఏ గుడి ఏ రాజు కట్టినాడో అంతా వాడే సెప్తాడు, మీరు నోరు మూసుకొని సూస్తే సాలు అని. నోరు మూసుకోమంటే మూసుకునే నోరా అప్పా ఇది? సరే, రెండు టిక్కెట్లు తీస్తి. కిటికీ పక్కన సుబ్బులు. సుబ్బులు పక్కన నేను."

"మామా," అన్నాడు ఓబయ్య, "మునుపు సెప్పినప్పుడు అత్త లేదే బస్సులో. ఒక్కడివే పోయినానంటివి."

"ఉన్నింది. మీరు అడగలా, నేను సెప్పలా. గమ్మునుండి విను."

ఆయన పెండ్లాం సుబ్బులమ్మ మొన్న చలికాలంలో జ్వరం వచ్చి పోయింది. ఆయమ్మ బతికున్నన్నాళ్ళూ ఈ కతలో లేదు. పోయినాక వచ్చి చేరింది. ఒక తూరి బస్సు దిగేకాడ, ఒక తూరి గుడి వాకిట్లో కనపడేది. ఆ పొద్దు ఏకంగా కిటికీ పక్కనే కూర్చునింది.

"ఆ కాలాన పెట్రోలు యాడుండాది? అంతా యుద్ధానికి పోయె. బస్సు ఎనకాల పీపాయంత పొయ్యి, దాంట్లో బొగ్గులు. వాటికి గాలి తిప్పల్ల, పొగ పుట్టల్ల, ఆ పొగతోనే బండి పోవల్ల. బండి మద్రాసు దాటి శ్రీపెరుంబుదూరు దాకా బాగానే పోయింది. ఆడ నిలిచిపోయింది. క్లీనరు తిప్పె, డ్రైవరు తిప్పె, కడాకు గైడు కోటు ఇప్పేసి తిప్పె. ఊహూఁ. నేను మెల్లిగా లేస్తి. సుబ్బులు నా తువ్వాల పట్టుకొని గుంజింది, నీకెందుకు కూసో, బస్సు పోతాదేమో అని. నేను లేకుండా యాడికి పోతాది లే అని దిగితి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పొయ్యి మూత తీసి, ఇట్ట ఎదురొమ్ము నిండా గాలి పీల్చి, ఒక్కటంటే ఒక్క ఊదు ఊదినా. అంతే. బస్సు గుండె అదిరినట్టు అదిరి, లేచిపోయింది."

"అంత వేగంగానా?"

"బస్సు ముందర పోయిందప్పా, దాని మోత ఎనకాల నిదానంగా నడుసుకుంటా వచ్చింది. కంచి జనం బస్సు వచ్చి నిలిచినాక మోత విని, ఇంకో బస్సు వస్తా ఉండాదని దావ ఇడిసి పక్కకు జరిగినారు. అయినా అది అంత సులువుగా నిలిచిందా? పొయ్యిలో నా ఊపిరి ఉండాది గదా, అది అయిపోయేదాకా బండి ఆగదు. బ్రేకు తొక్కి తొక్కి డ్రైవరు కాలు వాచిపాయె. ఊరు దాటి పోతా ఉంది. ఆయప్ప దండం పెట్టి, సామీ నువ్వే దిక్కు అనె. అప్పుడు నేను ఆ గొట్టానికి నోరు పెట్టి, నా ఊపిరి నేను ఎనక్కి పీల్చుకుంటి. సరిగ్గా గుడి ముందర నిలిచింది, గీత గీసినట్టు."

ఓబయ్య ఊరికే ఉండే రకం కాదు. "అది సరే మామా. నువ్వు కింద నిలబడి ఊదితివి. బస్సు లేచిపోయింది. మరి నువ్వు ఎప్పుడు ఎక్కితివి?"

చిన్నబ్బ కాఫీ గలాసు ఎత్తినాడు. అందులో ఏమీ లేదు. అయినా తాగినట్టు తాగి కింద పెట్టినాడు. ఎనకాల కమ్మీ పట్టుకొని వేలాడినానన్నాడు. తిరుమలమ్మ ఆయన మొగం వంకే చూస్తా ఉండింది. పొద్దు వాలతా ఉండాది, ఆ పిల్ల ఒంటిగా ఉండాది అన్నా, అని మెల్లిగా అనింది. గుడి లోపలికి పోనీ తిరుమలమ్మా, గుడి ముందర కత నిలపగూడదు, అని ఈయన మళ్ళీ అందుకున్నాడు.

"గైడు ఉండాడే, వాడి సేతిలో ఒక రేకు బూర. దాన్ని నోటికాడ పెట్టుకొని అరవంలో ఒక తూరి, ఇంగిలీసులో ఒక తూరి, తెలుగులో ఒక తూరి, ఒకే అబద్ధాన్ని మూడు తూర్లు సెప్తాడు. నేను కొంచేపు ఓర్సుకున్నా. ఈ గోపురం ఫలానా రాజు కట్టినాడు అన్నాడు. నేను ఒక్కటే అడిగినా, నాయనా, ఆయప్ప కట్టేటప్పుడు నువ్వు సున్నం ఏమన్నా మోసినావా అని. అంతే, వాడు బూర నా సేతిలో పెట్టి, మిగతాది మీరే సెప్పండి సామీ అని ఒక మూలన కూసున్నాడు. ఇంక నేను ఎత్తుకున్నా సూడు. బస్సులో వచ్చినోళ్ళేగాదు, ఊళ్ళో ఉండేవోళ్ళు, పూలమ్మేవోళ్ళు, కడాకు గుడి ఏనుగు గూడా సెవులు ఆడించడం నిలిపి ఇనింది. గోడల మీది బొమ్మలుంటాయే, అవి అటు మొగం తిరిగి ఉండేవి, నా మాట ఇనేదానికి ఇటు తిరిగినాయి. ఇప్పటికీ అట్నే ఉండాయి. పోయి సూడండి కావాలంటే."

మేం నవ్వినాం. మునిరత్నమ్మ గూడా పొయ్యికాడ నవ్వుకునింది. నవ్వు వినేకొద్దీ చిన్నబ్బ నోరు ఇంకా పెద్దదవుతాది, అది మాకు తెలుసు.

"ఆడ నూరుకాళ్ళ మండపం ఉండాది. దాని మూలన రాతితో చేసిన గొలుసు వేలాడతా ఉంటాది, అతుకు లేదు, అంతా ఒకే రాయి. సుబ్బులు ఆ గొలుసు కిందనే సానాసేపు నిలబడింది. ఇంత రాయిని నగ మాదిరి చేసినాడే, వాడి పెండ్లాం మెడలో ఏముండిందో పాపం, అనింది."

ఆ మాట చిన్నబ్బ మాట మాదిరి లేదు. మేం నవ్వలేదు. ఆయనే మా మొగాలు చూసి, గబగబా కతను పైకెత్తినాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ మండపంలో ఒక స్తంభం నన్ను పిలిచింది. ఏమప్పా, ఎన్ని వందల ఏండ్లుగా ఈడనే నిలబడి ఉండా, కాళ్ళు పీకతా ఉండాయి, రోంతసేపు నా తావులో నిలబడతావా, కోనేటికి పోయి నీళ్ళు తాగి వస్తా అని. పాపమని నిలబడితి. కప్పు నెత్తిన పెట్టుకొని నిలబడినా అబ్బా. అది పోయింది పోయిందే. నీళ్ళు తాగింది, వక్కాకు వేసుకునింది, గట్టున కూసొని కునుకు తీసింది. నేను కదిలితే మండపం కూలతాది, కదలకపోతే బస్సు పోతాది. జనం నన్నే స్తంభమనుకొని నాకే కుంకం పెట్టి మొక్కినారు. ఇద్దరికి కోరికలు గూడా తీరినాయి."

"మామిడిచెట్టు సంగతి?" అన్నాడు ఓబయ్య.

"వస్తా ఉండా. ఇంకో గుళ్ళో మామిడిచెట్టు, నాలుగు కొమ్మలకు నాలుగు రుసులంట. అంటు కట్టే కత్తి నా మొలలోనే ఉంటాది గదా. ఐదో రుసికి ఒక అంటు కట్టేస్తి. మేము దాని నీడలో అన్నం తిని సెయ్యి కడుక్కునేలోపల ఆ అంటు పట్టి, పూత పూసి, కాయ కాసి, పండి, గైడు నెత్తిన పడింది. ఆ ఒక్క కాయనే కోసి బస్సంతా పంచినా టెంక అగపడలా. అందరూ తినినారు. సుబ్బులు ఒక్కతే తినలా. అన్నం గూడా తినలా."

"ఎందుకు?"

"ఎందుకో. ఆకలి లేదనింది."

తిరుమలమ్మ గలాసులో కాఫీ తొరక కట్టింది, ఆయమ్మ నోట పెట్టలేదు. ఇంక బల్లి కత చెప్పి లేస్తాడనుకున్నాం. చెప్పినాడు గానీ, మునుపెన్నడూ చెప్పనంతగా పెంచినాడు.

"మెట్లెక్కి పైకి పోతే కప్పు బాగా కిందికి ఉంటాది. ఒకరి ఎనకాల ఒకరు పోయి, సెయ్యి ఎత్తి బల్లిని తాకి, కండ్లకద్దుకొని పోతా ఉండారు. నా వరస వచ్చింది. నేను ఇంకా సెయ్యి ఎత్తలా. బంగారు బల్లి కండ్లు తెరిచింది. తల ఇట్ట తిప్పి సూసింది. కప్పు ఇడిసిపెట్టి దిగింది అబ్బా, దిగి నా సెయ్యి మీదినించి పాకి, భుజం మీద కూసొని, సెవిలో పలికింది. పూజారి గంట జారిడిసి బయటికి పరిగెత్తె. నేను దాన్ని ముట్టుకోలేదప్పా. అదే నన్ను ముట్టుకునింది. ఆపొద్దు నించి దేశంలో ఏ బల్లికైనా నేనంటే భయం భక్తి. మా ఇంట్లో ఒక్క బల్లి గూడా కింద పడదు. నేను లోపలికి వస్తే నాలుగు కాళ్ళతో దూలాన్ని కరుసుకొని ఉంటాయి. కంచి బల్లి మన ఊరి బల్లులకు జాబు రాయించిందంట, ఆయప్ప మీద పడితే తోక తెగ్గోస్తానని."

"ఇంత సెప్పినావు," అన్నాడు ఓబయ్య అంగడి కప్పు వంక చూస్తా, "ఆ దూలమ్మీద బల్లి ఒక్క తూరన్నా పలకలేదే మామా, నిజమని."

"కంచి బల్లే పలికినాక దీని పలుకు ఎవురికి కావల్ల?"

అందరం నవ్వినాం. కత కంచికి పోయింది, ఇంక ఇంటికి పోదాం, అని ఓబయ్య తువ్వాల దులిపి లేచినాడు. ఈ మాటకు చిన్నబ్బ ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాడు, కతనెందుకు పంపడం, నేనే పోయొస్తి గదా అని. ఆ పొద్దు చెప్పలేదు. మునిరత్నమ్మా ఇంకో గలాసు పొయ్యి అన్నాడు.

తిరుమలమ్మ తన గలాసు బల్ల మీద పెట్టింది. "అయింది గదా. రా అన్నా ఇంక."

చిన్నబ్బ కుడిచెయ్యి చంకలో దోపుకున్నాడు. ఇంకో తూరి తలకు పోయమన్నాడు. రేపు మంచి పొద్దు, రేపు వస్తానన్నాడు. కాళహస్తిలో ఎవరో ఉండారంట, కంచికి పోయొచ్చినోళ్ళు, వాళ్ళ చెయ్యి ఇంకా మంచిదన్నాడు. బర్రెను ముట్టుకోను పరిగెత్తిన మనిషి ఇట్లా అంటా ఉంటే ఓబయ్యకు అర్థం కాలేదు. ఏంది మామా, పాపం నిండు మనిషి, పోయి ముట్టుకొని వస్తే నీ సొమ్మేం పోతాది అన్నాడు. ఈయన తల వంచుకున్నాడే గానీ లేవలేదు.

తిరుమలమ్మ దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"బస్సు పరిగెత్తింది నిజమే అన్నా. నువ్వు దాంట్లో లేవు."

తిరుమలమ్మ చెప్పేది మేం నిలబడే విన్నాం. శ్రీపెరుంబుదూరులో బస్సు బొగ్గులకు ఆగితే ఈయన దిగి కాఫీ అంగడికాడ నలుగురిని పట్టుకొని ఏదో గొప్ప చెప్తా నిలబడినాడంట. గైడు బూర ఊది ఊది పిలిచినాడు. నేను లేకుండా యాడికి పోతాది అని ఈయన చెయ్యి ఊపినాడు. పోయింది. సుబ్బులమ్మ బస్సు పక్క పలక కొట్టి ఏడ్చినా, సందకాడికి మద్రాసు చేరకపోతే బస్సు కంపెనీవోళ్ళు ఊరుకోరని డ్రైవరు ఆపలేదు. ఈయన దుమ్ములో పరిగెత్తి పరిగెత్తి, ఒక చింతమాను కింద సందకాడిదాకా కూర్చున్నాడు. ఆయమ్మ తెలియని ఊళ్ళో, తెలియని మనుషుల నడుమ ఒక్కతే తిరిగింది. గోపురం, రాతి గొలుసు, మామిడిచెట్టు అన్నీ చూసింది ఆయమ్మే. ఈయన కతలో నిజమనేది ఏమన్నా ఉంటే అది సుబ్బులమ్మ ఇంటికొచ్చి చెప్పిందే.

"పొద్దున్నే ఆ బల్లిని తాకి, వదిన ఆ సెయ్యి కొంగులో సుట్టుకునిందన్నా. కడగలా. ఆ సేత్తో తింటే పోతాదని అన్నం తినలా. నాతో నవ్వుతానే సెప్పింది, ఆయన రాకపోయె, ఆయనకు తగిలించేదాకా ఈ సెయ్యి ఇంక దేనికీ తగలగూడదనుకుంటి వదినా అని. సందకాడ నువ్వు చింతమాను కింద బస్సెక్కినప్పుడు కొంగిప్పి సెయ్యి సాపింది. నువ్వు సూసీ సూడనట్టు పోయి ఎనక వరసలో కూసుంటివి."



"మళ్ళీ పోదామని ఎన్ని తూర్లో అడిగింది. సూసొచ్చిన ఊరికి మళ్ళీ ఏం పని అంటివి. ఊరంతా నువ్వు పోయినావనే నమ్మిరి. నిన్ను తక్కువ సెయ్యలేక ఆయమ్మ నోరు ఇప్పలా. మా పిల్లోడు జయరావు మీద బల్లి పడినప్పుడు వాణ్ణి మీ ఇంటికి తెస్తి, నువ్వు తల నిమిరి కత సెప్తివి. వదిన మజ్జిగ ఇచ్చే సాకున వాడి సెయ్యి పట్టుకునింది. నీకాడికి వచ్చినోళ్ళకు ఎవురికైనా అంతే. మజ్జిగ లేకుండా ఆయమ్మ ఎవర్నీ పంపలా."

"మర్యాదకనుకుంటినే," అన్నాడు చిన్నబ్బ.

తల ఎత్తినాడు. కండ్లు నిండిపోయి ఉండాయి. ఆ మనిషిని అట్లా మేం ఎన్నడూ చూడలేదు, సుబ్బులమ్మ పోయిన పొద్దు గూడా వచ్చినోళ్ళందరికీ ఏదో చెప్తానే ఉన్నాడు.

"కతలన్నీ కంచికి పోతాయంటారు తిరుమలమ్మా. నా కత గూడా పోయింది. నేనే పోలా. ఇది ఉత్త సెయ్యి. నాకు తెలిసీ ఎట్ట వచ్చేది? ఆమె ఉన్నన్నాళ్ళూ ఏమో ధైర్యం, నేను ముట్టుకుంటే అందరికీ బాగానే అయ్యేది. ఇప్పుడు నేను ముట్టుకున్నాక ఆ బిడ్డకు ఏమన్నా అయితే?"

"ఊపిరి పోయేదాకా వదిన సెయ్యి నీ సేతిలోనే ఉన్నింది. నేను పక్కనే ఉండా, సూసినా."

"అప్పుడు పట్టుకున్నా. బస్సులో పట్టుకోవల్సింది అప్పుడు పట్టుకున్నా. ఆమెకు తెలిసిందో లేదో."

"తెలిసినా తెలియకపోయినా తగిలింది గదా అన్నా. అది సాలు. మా కోడలు నీకోసమే దావ సూస్తా ఉండాది. లే."

చిన్నబ్బ లేచినాడు. మునిరత్నమ్మ అలవాటు కొద్దీ చెంబుతో నీళ్ళు తెచ్చింది చేతులు కడుక్కోమని. ఆయన ఆ చెంబును చూసి వెనక్కి తగ్గినాడు. భుజం మీది తువ్వాల తీసి, కుడిచేతికి మణికట్టు దాకా చుట్టుకొని, కొస ఎడంచేత్తో పట్టుకున్నాడు. తిరుమలమ్మ ముందర నడిచింది, ఆయన వెనకాల.

మేం అంగడి ముందర నిలబడి చూస్తా ఉన్నాం. రైలుగేటు కాడ తెలిసినోళ్ళెవరో ఎదురై, ఏం అన్నా, కంచి సంగతులేమి అని అలవాటు కొద్దీ ఆపబోయినారు. చుట్టిన ఆ చెయ్యి ఎవరికీ తగలకుండా పైకెత్తి పట్టుకొని, ఒక్క మాట గూడా చెప్పకుండా పక్కగా తప్పుకొని పోయినాడు.